తలుపు అవతల మావాడు

రెండు సెంటీమీటర్ల కోత, ముప్పావు గంట ఆపరేషన్, సాయంత్రానికల్లా ఇల్లు. డాక్టరు లెక్క ప్రకారం చాలా చిన్న విషయం. రెండేళ్ల బిడ్డను ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర అప్పగించి వచ్చిన తల్లి లెక్క వేరు.

తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి నీళ్లడిగాడు. "అమ్మా, నీలు."

రెండేళ్ల రెండు నెలల పిల్లాడు. రాత్రే ఇంట్లో నీళ్లు కనిపించకుండా అన్నీ దాచేశాం. వాడి స్టీలు గ్లాసు, మూతి ఉన్న నీలం సీసా, ఆఖరికి పూజ గదిలోని రాగి చెంబు కూడా అటక మీద పెట్టాం. ఎవరూ ఇవ్వకపోయేసరికి వాడే వంటింట్లోకి నడిచి వెళ్లాడు. ఫిల్టరు కింద నిలబడి, తల పైకెత్తి, రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాడు. మా అత్తయ్య గుడికి తీసుకెళ్లి తీర్థం పట్టించినప్పుడు నేర్చుకున్న దోసిలి అది. నేను వాణ్ణి ఎత్తుకుని బాల్కనీలోకి పరుగెత్తాను. కింద పాలబండిని చూపించాను, చందమామను చూపించాను. వాడు అన్నీ చూశాడు. చూసి మళ్లీ "నీలు" అన్నాడు.

"రాత్రి పదింటి తర్వాత మంచినీళ్లు కూడా వద్దమ్మా" అని ఆస్పత్రి నుంచి ఫోన్లో చెప్పారు. ఎనిమిదింటికి అన్న ఆపరేషన్ మొదలయ్యేసరికి పదకొండు దాటింది. పదమూడు గంటలు దాటిపోయింది వాడు చుక్క నీళ్లు తాగి.

మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే పస్తు. ఆ భయం నిజమైనదే, దాంతో నాకు పేచీ లేదు. అయితే మత్తు వైద్యులు ఎన్నో ఏళ్లుగా పాటిస్తున్న లెక్క ఒకటుంది: అన్నం, ఆవుపాలు, గేదెపాలు, డబ్బా పాలయితే 6 గంటలు, తల్లిపాలకు 4 గంటలు, మంచినీళ్లకు 2 గంటలు. యూరప్‌లోని పిల్లల మత్తు వైద్యుల సంఘాలు 2018లో నీళ్ల గడువును గంటకు తగ్గించాయి. అంటే ఆ నాలుగున్నరకి మావాడు గ్లాసు నీళ్లు తాగి ఉండొచ్చు. ఈ సంగతి నాకు ఆపరేషన్ అయిన నాలుగు రోజులకు తెలిసింది. మీకు ముందే తెలియాలని మొదటే చెబుతున్నాను. "నీళ్లు ఎన్నింటిదాకా ఇవ్వొచ్చు? ఆపరేషన్ ఆలస్యమైతే మళ్లీ ఇవ్వొచ్చా?" అని అడగండి. సొంతంగా నిర్ణయించుకుని మాత్రం ఇవ్వకండి. మీ పిల్లాడికి మత్తిచ్చే డాక్టరునే అడగండి.

ఉసిరికాయంత ఉబ్బు

మొదట చూసింది మా అత్తయ్యే. ఆదివారం తలంటు. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగు పెడుతుంటే వాడు మామూలుగానే ఆకాశం దద్దరిల్లేలా ఏడుస్తున్నాడు. "అమ్మాయ్, ఇలా రా" అన్న ఆవిడ గొంతులో తేడా విని పరుగున వెళ్లాను. కుడి గజ్జలో ఉసిరికాయంత ఉబ్బు. తుడిచి, సాంబ్రాణి పొగ వేసి పడుకోబెట్టేసరికి లేదు. ఏడిస్తే వస్తుంది, నిద్రపోతే మాయమవుతుంది.

"గిలక దిగింది" అన్నారు అత్తయ్య. ఆ వెంటనే, "పిల్లాణ్ణి అంతంతసేపు ఏడవనిస్తే దిగదా మరి?" అన్నారు. ఉద్యోగానికి వెళ్లే తల్లికి ఆ మాట ఎక్కడ తగులుతుందో చెప్పక్కర్లేదు. ఆ రాత్రి వాడు ఏ రోజు ఎంతసేపు ఏడ్చాడో లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. పొద్దున్నే ఆవిడ పాత రాగి కాణీ ఒకటి గుడ్డలో చుట్టి గజ్జల దగ్గర అదిమి కట్టారు. వాళ్ల అమ్మ అలాగే కట్టేదట.

పిల్లల సర్జన్ ఆ కట్టు విప్పి, పక్కన పెట్టి, ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక బొమ్మ గీశారు. మగపిల్లల వృషణాలు తయారయ్యేది కడుపులో, మూత్రపిండాల దగ్గర. పుట్టేలోపు అవి మెల్లగా కిందికి, తిత్తిలోకి దిగుతాయి. దిగేటప్పుడు కడుపు లోపలి పొర చేతి తొడుగు వేలిలా వాటి వెంట సాగుతుంది. పని అయ్యాక ఆ దారి మూసుకుపోవాలి. కొందరిలో మూసుకోదు. సన్నగా మిగిలితే నీరు మాత్రమే దిగుతుంది, అది వరిబీజం. దాన్ని చాలామందిలో ఏడాది, రెండేళ్లు చూస్తారు, తనంతట తానే తగ్గవచ్చు. దారి వెడల్పుగా మిగిలితే పేగు జారుతుంది, అది గిలక. అది దానంతట అది మానదు. కట్లకూ బెల్టులకూ మానదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో ఎక్కువ, మగపిల్లల్లో ఇంకా ఎక్కువ, ఎడమకంటే కుడివైపు ఎక్కువ. ఆడపిల్లలకూ వస్తుంది. వాళ్లలో ఒక్కోసారి అండాశయమే ఆ దారిలోకి జారుతుంది.

"ఏడుపు వల్ల రాలేదమ్మా. లోపల ఉన్నదాన్ని ఏడుపు బయటికి చూపించింది, అంతే" అన్నారాయన.

ఆటోలో సగం దారి దాకా అత్తయ్య ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "పుట్టుకతోనే ఉందన్నమాట. నిన్ను ఊరికే అన్నానే" అన్నారు. ఆ బొమ్మ గీసిన కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. మందుల చీటీ కంటే అదే నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఆయన ఇంకో మాట గట్టిగా చెప్పారు, అది ప్రతి ఇంట్లోనూ తెలియాలి. ఉబ్బు గట్టిపడి వెనక్కి పోకపోయినా, రంగు మారినా, పిల్లాడు ఆపకుండా ఏడుస్తూ వాంతులు చేసుకుంటున్నా, అందులోనూ పచ్చటి వాంతి అయినా, తెల్లారేదాకా ఆగకూడదు. పేగు ఇరుక్కుంటే దానికి రక్తం అందదు. ఏడాదిలోపు పసివాళ్లకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. "కాస్త పెద్దయ్యాక చేయిద్దాంలే" అని గిలకను వాయిదా వేయకపోవడానికి కారణం ఇదే.

జలుబు, మత్తు, నా భయం

తేదీ ఖాయమైంది. రెండు రోజుల ముందు మావాడి ముక్కు కారడం మొదలైంది. మత్తు డాక్టరు ఛాతీ విని, ఆపరేషన్ ఆపేశారు. సెలవులు పెట్టుకుని, ఊరి నుంచి అమ్మానాన్నల్ని పిలిపించుకుని సిద్ధంగా ఉన్న మాకు ప్రాణం ఉసూరుమంది. జలుబు చేసిన పిల్లల ఊపిరి దారి చీటికీమాటికీ బిగుసుకుంటుందని, తగ్గాక కూడా కొన్ని వారాలు ఆ చిరాకు పోదని ఆవిడ వివరించారు. "ఇరుక్కోలేదు కాబట్టి ఆగే వీలుంది. వీలున్నప్పుడు ఆగుదాం." ఆ ధీమా చూశాకే ఆవిడ మీద నమ్మకం కుదిరింది. పని ఆపగలిగిన డాక్టరు చేతిలో బిడ్డను పెట్టవచ్చనిపించింది.

కోత గురించి నాకు అంత భయం లేదు. పెద్దవాళ్లకు వేసే జాలీ పిల్లలకు అవసరం లేదు. పొట్ట కింది చర్మం మడతలో చిన్న గాటు పెట్టి, మూసుకోకుండా మిగిలిన ఆ పొర సంచిని దాని మెడ దగ్గర ముడివేసి కోసేస్తారు. భయమంతా మత్తు గురించే. ఇంత చిన్న బుర్రకు మత్తిస్తే తర్వాత చదువు, మాట, తెలివి ఏమవుతాయి? అమెరికాలోని ఎఫ్‌డీఏ 2016లో, మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలు మించి గానీ మళ్లీమళ్లీ గానీ మత్తిస్తే ఎదిగే మెదడు మీద ప్రభావం ఉండొచ్చని హెచ్చరించింది. ఆ వార్త చదివి రెండు రాత్రులు నిద్రపోలేదు.

డాక్టరమ్మ కసురుకోలేదు. ఆ హెచ్చరిక తనకూ తెలుసని, సరిగ్గా గిలక ఆపరేషన్ పిల్లల మీదే జరిగిన పెద్ద పరిశోధన కూడా ఉందని చెప్పారు. ఏడు దేశాల్లో 722 మంది పసికందులు. సగం మందికి పూర్తి మత్తు, మిగతా సగానికి మెలకువగా ఉండగానే నడుం కింద మొద్దుబారే మందు. ఐదేళ్లు వచ్చాక వాళ్ల తెలివితేటలు పరీక్షించి 2019లో లాన్సెట్ పత్రికలో వేశారు. గంటలోపు ఒక్కసారి మత్తు తీసుకున్న పిల్లలకు, తీసుకోని పిల్లలకు తేడా కనబడలేదు. ఆ రాత్రి నిద్రపట్టింది.

మొలతాడు

జలుబు తగ్గాక మళ్లీ తేదీ కుదిరింది. ఆస్పత్రిలో వాడికి ఆకుపచ్చ గౌను తొడిగారు. అది కాళ్ల కింద దాకా వేలాడుతోంది. సిస్టర్ వచ్చి, "మొలతాడు తీసేయాలమ్మా" అంది.

నల్లతాడు, దానికో వెండి తాయెత్తు, రెండు మువ్వలు. పుట్టిన ఇరవయ్యొకటో రోజున కట్టింది. అత్తయ్య ముఖంలో రంగు పోయింది. ఆ కబురు ఆవిడకు అపశకునంలా వినిపించింది. సిస్టర్ మాత్రం ఓపికగా చెప్పింది: రక్తం కారకుండా లోపల కరెంటు పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే అక్కడ చర్మం కాలవచ్చు, తాడు కూడా కోత దగ్గరికే వస్తుంది. అత్తయ్య తనే కత్తెర తీసుకుని తాడు కత్తిరించారు. మువ్వలు, తాయెత్తు కొంగుచివర ముడివేసుకున్నారు. ఆ ముడిని మళ్లీ సాయంత్రం దాకా వదల్లేదు.

పదకొండుంబావుకి పిలుపొచ్చింది. థియేటర్ తలుపు దగ్గర గీత ఉంది, నేలమీద ఎర్రగీత. "ఇక్కడిదాకేనమ్మా." వాడు నా మెడ చుట్టూ చేతులు బిగించాడు. ముందు ఒక వేలు విడదీశారు, తర్వాత ఇంకో వేలు. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న అబ్బాయి వాణ్ణి భుజాన వేసుకుని లోపలికి నడిచాడు. వాడు వెనక్కి తిరిగి నా వైపు చేతులు చాపాడు. తలుపులు రెండూ ఊగి, కలుసుకుని, ఆగాయి. ఆ తలుపు మీద గుండ్రటి అద్దం ఉంది, నా ఎత్తుకు అందలేదు. మావారు కూడా చూడలేదు. చూడలేకపోయానన్నారు తర్వాత.

బల్ల మీద కూర్చున్నాం. ఎక్కడో దూరంగా వాడి ఏడుపు. ఉన్నట్టుండి ఆగిపోయింది. మత్తు పని చేసిందని తెలుసు. తెలిసినా, ఏడుపు ఆగిపోవడం కంటే భయంకరమైన నిశ్శబ్దం నేను వినలేదు.

మత్తు డాక్టరు ముందురోజు అన్న మాట పట్టుకుని కూర్చున్నాను. "ఆపరేషన్ ఆయన చేస్తారు. నేను మీవాడి ఊపిరిని చూస్తూ కూర్చుంటాను. వేరే పని పెట్టుకోను."

ఊపిరిని చూస్తూ కూర్చోవడం మేమున్న హైదరాబాద్‌లో పాత విద్య. 1888లోనూ, 1889లోనూ ఇక్కడ మత్తుమందు క్లోరోఫాం మీద రెండు కమిషన్లు కూర్చున్నాయి. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి సర్జన్ ఎడ్వర్డ్ లారీ ముందుండి నడిపించారు. రెండోదానికి లండన్ నుంచి నిపుణుణ్ణి రప్పించేందుకు నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చారు. మత్తులో రోగి నాడిని కాదు, శ్వాసను కనిపెట్టుకుని ఉండాలన్నది లారీ వాదం. గుండె కూడా ఆగవచ్చని తర్వాతి కాలంలో తేలింది, ఆయన చెప్పింది సగమే సరి. ఇప్పుడు రెండింటినీ యంత్రాలు క్షణక్షణం లెక్కపెడుతున్నాయి. ఆయన దగ్గర చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ ఇదే హైదరాబాద్ ఆస్పత్రుల్లో మత్తు డాక్టరుగా పనిచేశారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలని ఆమెను చెప్పుకుంటారు. మూసీకి దగ్గర్లోనే, ఇలాంటి ఏదో తలుపు అవతల ఒకావిడ వంగి కూర్చుని ముక్కూమొహం తెలియని వాళ్ల ఊపిరిని లెక్కపెట్టిందన్న ఊహ ఆ ముప్పావు గంటలో నాకు తోడుగా నిలిచింది.

"అమ్మా" అంటూ నన్నే వెతికాడు

సర్జన్ బయటికొచ్చి "అయిపోయిందమ్మా, బాగుంది" అన్నారు. దణ్ణం పెట్టాను. ఆ తర్వాత ఇరవై నిమిషాలు మమ్మల్ని ఎవరూ పిలవలేదు. తలుపు అవతల వాడి గొంతు వినబడుతోంది. పిలుస్తున్నాడు. వెళ్లి తలుపు కొట్టాను. "ఇంకా షిఫ్ట్ చేయలేదు, ఆగండి" అన్నారు. మళ్లీ కొట్టాను.

లోపలికి రానిచ్చేసరికి వాడు మంచం మీద విల్లులా వెనక్కి వంగి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాడు. చేతికి సెలైన్ సూది, దానికి అట్టముక్క కట్టి ఉంది. ఎత్తుకున్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం నా మీద లేదు. నా చేతుల్లో ఉండి, నా మొహం దాటి ఎటో చూస్తూ "అమ్మా, అమ్మా" అని పిలుస్తున్నాడు. నేనేనమ్మా, ఇదిగో అమ్మ, అంటుంటే నన్ను తోసేస్తున్నాడు.

నా బిడ్డకు మెదడులో ఏదో అయిపోయిందనుకున్నాను.

పక్క మంచం దగ్గరున్న పెద్ద సిస్టర్ వచ్చి నా వీపు నిమిరింది. "మత్తు వదిలేటప్పుడు కొందరు పిల్లలు ఇలాగే లేస్తారు తల్లీ. వాడికి గుర్తుండదు. పాట పాడు." జోల పాడాను. గొంతు పలకలేదు, అయినా పాడాను. పావుగంటకు వాడి ఒళ్లు మెత్తబడింది. నా జుట్టు వేలికి చుట్టుకున్నాడు. నిద్రొచ్చినప్పుడు వాడు చేసే పని అది. తర్వాత కళ్లు తెరిచి నన్ను చూసి, నిజంగా చూసి, "నీలు" అన్నాడు.

ఇప్పుడు మత్తుకు వాడే పీల్చే మందులతో రెండు నుంచి ఐదేళ్ల పిల్లల్లో ఇది తరచూ కనిపిస్తుందని, సాధారణంగా అరగంటలో సర్దుకుంటుందని తర్వాత తెలిసింది. ముందే ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పావుగంట నేను వేరేలా ఉండేదాన్ని. వాడు లేచే వేళకే నన్ను పిలిచి ఉంటే, వాడి మొదటి పిలుపు అపరిచితుల మధ్య గాల్లో కలిసేది కాదు.

ఇది కొత్త కోరికేమీ కాదు. గ్లాస్గో సర్జన్ జేమ్స్ నికోల్ 1909లోనే, పదేళ్లలో పిల్లలకు 8,988 ఆపరేషన్లు చేసి అదే రోజు ఇంటికి పంపామని లెక్కలు చూపించాడు. వాటిలో గిలకలూ ఉన్నాయి. కోత పడిన పసిబిడ్డకు తల్లి ఒడికి మించిన పడక లేదన్నది ఆయన అనుభవం. పాలు తాగే బిడ్డల తల్లుల కోసం ఆస్పత్రి దగ్గర ఒక ఇల్లే తీసి ఉంచాడు. ఆ మాట వైద్యలోకానికి ఎక్కడానికి చాలా కాలం పట్టింది. 1952లో ఇంగ్లండ్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ ఒక మూకీ చిత్రం తీశాడు. రెండేళ్ల ఐదు నెలల పాప, బొడ్డు గిలక ఆపరేషన్, ఎనిమిది రోజుల ఆస్పత్రి. అమ్మానాన్నలు వచ్చి వెళ్లిపోయే వాళ్లే. ఆ పాప గట్టిగా ఏడవదు. ఏడవకుండా ఉండటానికి ఆ చిన్న ముఖం పడే ప్రయాస తెర మీద చూసి డాక్టర్లు తట్టుకోలేకపోయారు, కొందరికి కోపం కూడా వచ్చింది. 1959లో అక్కడి ప్లాట్ కమిటీ, తల్లిదండ్రులను ఏ వేళయినా రానివ్వాలని, చిన్నపిల్లల దగ్గర తల్లి ఉండే ఏర్పాటు చేయాలని సిఫారసు చేసింది.

మన దగ్గర వార్డుల్లో ఆ పోరాటం అవసరమే రాలేదు. ఏ ధర్మాసుపత్రికి వెళ్లినా పిల్లాడి మంచం పక్కన చాప పరుచుకుని తల్లి ఉంటుంది, ఫ్లాస్కుతో అమ్మమ్మ ఉంటుంది. మనకు మిగిలింది ఆ ఒక్క తలుపు. మత్తిచ్చే వేళ తల్లి లోపల ఉండటం అందరికీ మంచిది కాకపోవచ్చు. కంగారుపడే తల్లి పిల్లాడి కంగారు పెంచుతుందని, దానికంటే ముందుగా నిద్రమందు సిరప్ పట్టడం మేలని చెప్పే డాక్టర్లున్నారు, వాళ్ల మాటలో నిజముంది. కళ్లు తెరిచే వేళ తల్లి పక్కన ఉండకూడదనడానికి మాత్రం నాకు ఎవరూ కారణం చెప్పలేదు. ఒక గౌను, ఒక టోపీ, ఒక కుర్చీ చాలు.

ఇంటికొచ్చాక

సాయంత్రం ఐదున్నరకు ఇంటికొచ్చాం. కిందికి దించితే వాడి మోకాళ్లు వంగిపోయాయి. మళ్లీ గుండె ఆగింది. నొప్పి తెలియకుండా తోక ఎముక దగ్గర ఇచ్చిన ఇంజెక్షన్ వల్ల కాళ్లు కొన్ని గంటలు తేలిపోతాయని డిశ్చార్జి కాగితం అడుగున చిన్నక్షరాల్లో ఉంది. రాత్రికి నిలబడ్డాడు. మర్నాటి ఉదయానికి సోఫా ఎక్కుతున్నాడు. మేమే వాడి వెంట పరుగెత్తాం.

నొప్పికి పారాసెటమాల్ సిరప్పే. ఇక్కడ ఒక జాగ్రత్త. ఒకే పేరుతో 5 మిల్లీలీటర్లకు 120 లేక 125 మిల్లీగ్రాములున్న సీసా, 250 ఉన్న సీసా రెండూ దుకాణంలో దొరుకుతాయి. చెంచా అదే అయినా మందు రెట్టింపు. మా ఇంట్లో రెండూ ఉన్నాయి, పాతది పారేశాను. డాక్టరు బరువు చూసి రాసిన కొలతను సిరంజితోనే ఇచ్చాం.

గాయం మానడం తేలిక. కుట్లు కరిగిపోయేవి, పైన జిగురు. తడవకుండా చూడమన్నారు, నాలుగు రోజులు ఒళ్లు తుడిచి సరిపెట్టాం. మానడం కష్టమైంది వేరేది. రెండు వారాలకు పైగా వాడు రాత్రి రెండింటికి లేచి ఏడ్చేవాడు. నేను బాత్రూంలోకి వెళ్తే తలుపు బయట కూర్చుని రెండు చేతులతో కొట్టేవాడు. నేను తలుపు వేసుకోవడం మానేశాను. ఆకుపచ్చ చీర కట్టుకున్న పక్కింటావిడను చూసి మావారి కాళ్ల వెనక దాక్కున్నాడు. ఆపరేషన్ అయిన చిన్నపిల్లల్లో చాలామంది కొన్నాళ్లు ఇలా ఉంటారని, గదమాయించకుండా దగ్గర పెట్టుకోవాలని సర్జన్ చెప్పారు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం తన కుందేలు బొమ్మను పీట మీద పడుకోబెట్టాడు. పొట్ట మీద ప్లాస్టర్ బదులు బొట్టుబిళ్ల అంటించాడు. దాని మూతి మీద గిన్నె బోర్లించి "ఉఫ్, ఉఫ్" అన్నాడు. కాసేపు చూసి, గిన్నె తీసేసి, బొమ్మను నా ఒళ్లో పడేసి "జో కొట్టు" అన్నాడు. కొట్టాను. ఆ రాత్రి వాడు తెల్లారేదాకా లేవలేదు.

నెల తిరిగాక అత్తయ్య కొత్త నల్లతాడు పేనారు. కొంగుముడి నుంచి డబ్బాలోకి, డబ్బా నుంచి దేవుడి గూట్లోకి చేరిన మువ్వలూ తాయెత్తూ తీసి దానికి ఎక్కించారు. గుళ్లో తీర్థం పట్టినట్టే వాడు దోసిలి పట్టాడు, తాడు తనకే ఇమ్మని. ఆవిడ వాణ్ణి నిలబెట్టి, కుడి గజ్జ మడతలో దారప్పోగులా మిగిలిన గీతను బొటనవేలితో ఓసారి తడిమి, తాడు దానికి తగలకుండా రెండు వేళ్లు పైకి జరిపి ముడివేశారు. వాడు ఒకసారి గెంతి చూశాడు. మువ్వలు మోగాయి. మళ్లీ గెంతాడు.